నీ బండికి లావు టైరు వద్దు

పాలకొల్లు

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం అందింది. బదిలీ మీద అమలాపురం వస్తున్నావని, తిరగడానికి పాత పల్సర్ 150 కొన్నావని చదివి ఎంత సంతోషించానో, చివర్లో రాసిన నాలుగు మాటలు చదివి అంత కంగారుపడ్డాను. వెనక టైరు అరిగిపోయిందని, ఈసారి సైజు పెంచి లావు టైరు వేయిస్తే బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని షాపులో చెప్పారని రాశావు. ఇంకా వేయించకపోతే దయచేసి ఆగు. ఏడాది కిందట నేను సరిగ్గా ఆ మాటే నమ్మి ఆ పనే చేశాను కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా బండీ అదే. కంపెనీ ఇచ్చిన వెనక టైరు పక్కన 100/90-17 అని అచ్చువేసి ఉంటుంది. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో రిమ్ము మీద నుంచి టైరు ఎత్తు ఎంత శాతమో చెప్పేది, చివరిది అంగుళాలలో రిమ్ము వ్యాసం. నేను దాని స్థానంలో 120/80-17 వేయించాను. వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగింది, ఎత్తు 90 నుంచి 96కు పోయింది, రిమ్ము మాత్రం పాతదే ఉండిపోయింది. సన్నటి రిమ్ములో లావు టైరును బిగించేసరికి దాని రెండు అంచులూ లోపలికి నొక్కుకుపోయి, తయారుచేసినవాళ్లు అనుకున్న ఆకారం చెడిపోతుంది. వెనక నిలబడి చూస్తే బండి దిట్టంగా కనబడింది, అందుకు మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం మా ఊరి కాలువ లాకుల దాకానే నిలిచింది. కాలువ గట్టు రోడ్డు అక్కడ ఒక్కసారిగా ఎడమకు తిరిగి వంతెన ఎక్కుతుందని నీకు తెలుసు కదా, చిన్నప్పుడు సైకిళ్లతో పందేలు వేసుకున్న మలుపు అది. పదేళ్లుగా రోజూ తిరిగే ఆ మలుపులో నేను ఎప్పటిలాగే వాలాను, బండి మాత్రం నాతో పాటు వాలలేదు. మొదట బద్ధకించింది, ఇంకాస్త వాల్చితే వాలినట్టే వాలి మళ్లీ లేచి నిలబడాలని హ్యాండిల్‌ను నెట్టింది. గట్టు అంచు రాళ్ల మీదికి పోబోయి, అవతలి పక్క కాలువ నీళ్లు కనబడుతుండగా, ఎలాగో సర్దుకున్నాను. బండి వాలినప్పుడు టైరు నేలను తాకే చోటు నడిమి గీత నుంచి పక్కకు జరుగుతుంది. టైరు ఎంత లావైతే అంత ఎక్కువగా జరుగుతుంది, కాబట్టి అదే మలుపును అదే వేగంతో తిరగడానికి మునుపటికంటే ఎక్కువ వాల్చవలసి వస్తుంది. ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు.

లావు టైరైతే నేలను ఎక్కువ మేర తాకుతుంది కదా అని నువ్వు అడుగుతావు. నేనూ అలాగే అనుకున్నాను, కానీ లెక్క వేసి చూస్తే సంగతి వేరు. మనిషితో కలిపి వెనక చక్రం మీద సుమారు 130 కిలోల బరువు పడుతుందనుకో. 28 పీఎస్ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోల ఒత్తిడి. ఆ బరువును ఆ ఒత్తిడి మొయ్యాలంటే నేలకు ఆనే భాగం ఇంచుమించు 65 చదరపు సెంటీమీటర్లు ఉండాలి, అంటే వేళ్లు వదిలేస్తే నీ అరచేయి అంత. టైరు సన్నమైనా లావైనా, గాలీ బరువూ మారనంతవరకు ఈ మేర పెద్దగా మారదు. లావు టైరులో అది అడ్డంగా పెరిగి, నిలువునా తగ్గుతుంది, అంతే. బండి ప్రాణం ఆ అరచేతి మీద ఉంటుంది. ఆ అరచేయి రబ్బరు ఎంత మెత్తనిది, టైరు ఎంత గుండ్రంగా ఉంది అనేవే పట్టును నిర్ణయిస్తాయి.

గుండ్రదనం గురించి ఇంకొంచెం రాయాలి, ఎందుకంటే మన ప్రాంతంలో టైర్లు చెడేది అక్కడే. మనది బల్లపరుపు నేల, ఘాట్ రోడ్డు అన్న మాటే లేదు. రావులపాలెం నుంచి అమలాపురం దాకా బండిని పెద్దగా వాల్చే పనే పడదు. అందుకని టైరు నడుమ మాత్రమే అరిగి చదునవుతుంది, పక్కల బటన్లు, అంటే పొడుచుకొచ్చిన రబ్బరు దిమ్మెలు, కొత్తవాటిలా నిలిచి ఉంటాయి. పైకి చూసి టైరు ఇంకా బాగుందనుకుంటాం. చదునైన భాగానికీ మిగిలిన గుండ్రటి భాగానికీ మధ్య ఒక అంచు ఏర్పడుతుంది. వాల్చబోతే ఆ అంచు దాటేదాకా బండి మొరాయించి, దాటగానే ధబాలున పడినట్టు వాలుతుంది. నీ పాత బండి ఇప్పుడు అలా చేస్తుంటే అది బండి లోపం కాదు, అరిగిన టైరు చేసే పని. కంపెనీ సైజులోనే కొత్తది పడితే బండి పోలికే మారిపోతుంది. నేను లావు టైరు తీయించి మళ్లీ 100/90 వేయించుకున్న రోజున లాకుల మలుపును కావాలని మూడుసార్లు తిరిగి వచ్చాను.

పెద్ద బటన్ల టైర్లు వేయించుకోవాలనే ఆలోచన కూడా నీకు వస్తుందేమో. మా బావమరిది బండికి అవే ఉన్నాయి, వారం రోజులు నడిపాను. కోతల కాలంలో ట్రాక్టరు చక్రాలు చేలోంచి తెచ్చి పోసిన బురద మీద, తడిసిన మట్టి గట్టు మీద అవి చాలా బాగా పనిచేస్తాయి, నేను కాదనను. అయితే తారు రోడ్డు మీద నేలకు ఆనేది బటన్ల తలలు మాత్రమే. గట్టిగా బ్రేకు వేస్తే ఆ బటన్లు ఒక్కొక్కటీ వంగుతాయి, బండి కింద నేల మెత్తబడినట్టు కదులుతుంది. రోజూ ఆఫీసుకు తారు రోడ్డు మీద వెళ్లే నీకు అవి తగవు.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి వైపు పంటు మీద, అదే బండ్లను గోదావరి దాటించే పడవ మీద, దాటేటప్పుడు జాగ్రత్తగా ఉండు. రేవులో తడిసిన చెక్క మీద, ఇనుప రేకు మీద ఏ టైరైనా జారుతుంది, గాడులు ఎంత లోతుగా ఉన్నా లాభం లేదు. గాడులు ఉన్నది రోడ్డు మీది నీటిని పక్కలకు తోసేయడానికి, నున్నటి ఇనుమును పట్టుకోవడానికి కాదు. బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా, నెమ్మదిగా దిగాలి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యమూ అలాంటిదే. గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి, వాటి మీద జారని టైరు ఈ లోకంలో లేదు. నేను రాశి అంచున ఆగి, కాలు దించి, పక్కనుంచి నడిపించుకుని పోతాను.

గాలి మాట మరిచిపోకు. ముందు చక్రానికి 25, ఒక్కడివే ఉన్నప్పుడు వెనక 28, చెల్లెమ్మను ఎక్కించుకుంటే 32. ప్రయాణం ముగిశాక వేడెక్కిన టైరులో గాలి చూస్తే అంకె ఎక్కువ చూపుతుంది కనుక పొద్దున్నే చూపించు. ముందు టైరు బిగించేటప్పుడు దాని పక్కన ఉండే బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉందో లేదో దగ్గరుండి చూసుకో. నాకు ఒకసారి తిరగేసి బిగించి పంపారు, ఇంటికి వచ్చాక గానీ గమనించలేదు. కొత్త టైరు పైన ఉండే నునుపు పోయేదాకా, మొదటి నూరు కిలోమీటర్లు మలుపుల్లో తొందరపడకు.

ఇంకొకటి. ఇన్నాళ్లూ షెడ్డులో నిలబెట్టిన బండి అన్నావు. ముందు టైరు బటన్లు బాగానే ఉన్నాయని దాన్ని వదిలేయకు. టైరు పక్కన చిన్న అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. వాడినా వాడకపోయినా మన ఎండలకు రబ్బరు బిరుసెక్కుతుంది. గోరుతో నొక్కి చూడు, పక్కల సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడు. ముందు చక్రం జారితే మనిషి సర్దుకునే వ్యవధి ఉండదు, కాబట్టి డబ్బు రెండు టైర్లకు చాలకపోతే మిగిలినది నేను సర్దుతాను.

ఆ నాలుగు అంకెలూ, రెండు టైర్ల సైజులూ చూసి వెంటనే రాసి పంపు. ఆదివారం చించినాడ వంతెన దాటి ఇక్కడికే రా. మా పంక్చరు షాపు అతను రిమ్ము తీసి దగ్గరుండి చూపిస్తానన్నాడు.

ఇట్లు
నీ మిత్రుడు
రాంబాబు