మొండివాళ్లలో నేనూ ఒకతెను

సంపాదకులకు నమస్కారం.

తుఫాను వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: లోతట్టు ప్రాంతాల ప్రజలు ఇళ్లు వదిలి రావడానికి మొండికేస్తున్నారని. మొన్న మీ జిల్లా పేజీలోనూ చదివాను. ఆ మొండివాళ్లలో నేనూ ఒకతెను. మాది దివిసీమ. ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి ఇంటి పట్టున ఉంటున్నాను. కిందటి తుఫానుకు ఊళ్లో టముకు వేశారు, బస్సు పంపారు, ఇంటింటికీ వచ్చి పిలిచారు. నేను లోపల గడియ పెట్టుకుని పలకకుండా కూర్చున్నాను. చేసింది తప్పే. అయినా ఎందుకు చేశానో ఎవరూ అడగలేదు కనుక నేనే రాస్తున్నాను.

ఉప్పెన అంటే తెలియక కాదు. 1977 నవంబరు 19, శనివారం నాటికి నాకు పద్నాలుగేళ్లు. పొద్దుటి నుంచి గాలి రేగింది కానీ ఊళ్లను తుడిచిపెట్టింది గాలి కాదు, దాని వెంట వచ్చిన సముద్రం. తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెట్టుకొస్తుంది. తీరంలో లోతు తక్కువ కావడంతో ఆ నీరు పోయే దారి లేక పైకి లేస్తుంది. ఆ ఒక్క తుఫానులో పదివేల మంది పోయారని లెక్క చెబుతారు. ఆ ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయిన సొర్లగొంది ఊరి పేరు ఎత్తితే మా వయసువాళ్లు ఇప్పటికీ మాట ఆపేస్తారు. మేము బతికింది పొరుగువారి మేడ వల్ల. మేడ ఎక్కే ముందు మా నాన్న కొడవలి పట్టుకుని కొట్టంలోకి వెళ్లి పశువుల పలుపులు కోసి వచ్చారు. ఊళ్లో కట్టుకొయ్యకు ఉన్నవి ఉన్నచోటే చచ్చాయి. మేము వదిలినవాటిలో ఒక గేదె నాలుగో రోజున ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

కాబట్టి, నేను గడియ పెట్టుకున్న ఆ కిందటి తుఫానుకు ముందు వచ్చినదానికి, మారు మాట్లాడకుండా తుఫాను షెల్టర్‌కు వెళ్లాం. నేను, మా వారు, ఎనభై ఆరేళ్ల మా అత్తగారు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన భవనం అది. నీరు వస్తే కింద నుంచి పారిపోతుంది. కట్టడం గట్టిది, దానికి వంక పెట్టను. మేము చేరేసరికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్న వ్యక్తి మండల కేంద్రంలో ఉన్నాడు, అతని ఫోను అందలేదు. గంటకు పైగా వానలో నిలబడ్డాక మా ఊరి కుర్రాళ్లు గునపంతో గడియ విరగ్గొట్టారు. (ప్రభుత్వ ఆస్తి పాడుచేశారని తరువాత వాళ్లకే చీవాట్లు పడ్డాయి.) నడవలేనివారి కోసం ర్యాంపు కట్టారు. దాని మీద ఎవరివో ధాన్యం బస్తాలు, ఆ పైన పట్టా కప్పి ఉంది. ఇక మెట్లే గతి. ఇరవై రెండు మెట్లు. మా అత్తగారిని నులక మంచంతో సహా నలుగురు ఎత్తారు. పదిహేనో మెట్టు దగ్గర మంచం ఒరిగింది. ఆమె అరవలేదు, నా చెయ్యి పట్టుకున్నారు. ఆ గోళ్ల గుర్తులు మానడానికి వారం పట్టింది.

పైన నాలుగు మరుగుదొడ్లు ఉన్నాయి, నీళ్లు లేవు. ఎందుకు లేవో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. డాబా మీది ట్యాంకుకు నీరు ఎక్కించేది కరెంటు మోటారు. తీగలు తెగిపడి ప్రాణాలు పోకూడదని తుఫాను తీరం దాటకముందే కరెంటు తీసేస్తారు, తీయవలసిందే. అంటే తుఫాను కోసం కట్టిన ఇంట్లో తుఫాను రోజున మాత్రమే నీళ్లు రావు! జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. ముందురోజు కాసేపు మోటారు వేసి ట్యాంకు నింపి ఉంటే సరిపోయేది. ఆ పని ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లం చీకటి పడేదాకా ఓర్చుకుని, ఆ గాలిలో మెట్లు దిగి స్తంభాల చాటుకు వెళ్లాం. ఉప్పెన వస్తే మొదట మునిగేది ఆ చోటే.

తరువాతి తుఫానుకు బస్సు హారన్ వినబడగానే మా అత్తగారు, 'అమ్మాయ్, నన్ను మళ్లీ ఆ మెట్లు ఎక్కించకు, ఇక్కడే ఉంటాను' అన్నారు. ఆమెను ఒంటరిగా వదిలి వెళ్లే కోడలినైతే కాను.

చట్టం గురించి కూడా ఒక మాట. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 51వ సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా అధికారి ఆదేశాన్ని పాటించకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. టముకు వేసిన అబ్బాయి దాన్ని మాకు గట్టిగానే గుర్తుచేశాడు. అదే చట్టం 12వ సెక్షన్‌లో సహాయ శిబిరాల్లో ఆశ్రయం, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం కనీసం ఏ స్థాయిలో ఉండాలో మార్గదర్శకాలు నిర్ణయించాలని ఉంది. కులం, మతం, ఆడ, మగ భేదం చూపకూడదని 61వ సెక్షన్‌లో ఉంది. ఈ రెండింటికీ టముకు వేయడం ఇంతవరకు వినలేదు. ఆ రాత్రి షెల్టర్‌లో ఎవరు ఏ మూలన పడుకున్నారో చూసినవారికి 61వ సెక్షన్ అవసరం వేరే చెప్పనక్కర్లేదు.

ఒడిశాలో 1999 అక్టోబరు తుఫానుకు దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటేలోగా పది లక్షల మంది వరకు తరలించగలిగారు. మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. అక్కడ చాలా షెల్టర్లలో మామూలు రోజుల్లో బడి నడుస్తుంది. రోజూ పిల్లలు వచ్చే ఇంటికి తలుపు తెరుచుకుంటుంది, కుళాయి చెడిపోతే ఆ రోజే తెలుస్తుంది. మన తీరంలోనూ అలా నడుపుకుంటున్న ఊళ్లు ఉన్నాయి. మా ఊరి షెల్టర్‌కు ఆ భాగ్యం లేదు.

వాతావరణ శాఖ 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. అంత వ్యవధి ఉన్నా మా ఊరికి బస్సు వచ్చేది చెట్లు విరగడం మొదలైన తరువాతే. ముసలివాళ్లను, బాలింతలను ముందురోజు పగటిపూటే చేర్చాలి. వాళ్ల జాబితా కోసం కొత్త సర్వే అక్కర్లేదు. గర్భిణులు, పసిపిల్లల పేర్లు అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంటాయి, మంచం పట్టినవారి సంగతి ఆశా కార్యకర్తకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్క తుఫానుకైనా నా రిజిస్టర్ తెమ్మని ఎవరూ అనలేదు. పశువులకు మెరక చోటు ఎక్కడో కూడా ముందే చెప్పాలి. గేదెను కట్టేసి రమ్మంటే పాడి మీద బతికే మనిషి బస్సు ఎక్కడు.

నేను ముఖ్యంగా అడిగేది ఒక్కటే. ప్రతి సెప్టెంబరులో, పెద్ద తుఫానుల కాలం మొదలవకముందు, ఒక రాత్రి షెల్టర్ తెరిచి, కరెంటు ఆపి, ఊళ్లో వందమందిని అక్కడ పడుకోబెట్టండి. ఏ తనిఖీ నివేదికలోనూ దొరకనివి ఆ ఒక్క రాత్రిలో బయటపడతాయి. గాలి ఉన్నట్టుండి ఆగితే తుఫాను అయిపోయినట్టు కాదని, దాని కన్ను, అంటే నడిమధ్య గాలి ఉండని భాగం, మన మీదుగా దాటుతున్నదని, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ కొడుతుందని కూడా ఆ రాత్రే పిల్లలకు చెప్పవచ్చు. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి ఇల్లు చూసుకోవడానికి బయలుదేరేవారు ప్రతిసారీ ఉంటారు.

రెండో తాళం చెవి ఊళ్లోనే ఉండాలి, అది ఎవరి దగ్గర ఉన్నదీ షెల్టర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఇప్పుడు ఆ గోడ మీద శంకుస్థాపన చేసినవారి పేర్లు, ప్రారంభించినవారి పేర్లు పాలరాతి మీద చెక్కి ఉన్నాయి. కింద చోటు చాలానే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త,
దివిసీమ