నీ గ్యారంటీ చీర బండారం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. ఎప్పుడో అందింది. ఆలస్యానికి నువ్వు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకుని ఇక్కణ్ణుంచి చదువు. ఆఫీసులో బదిలీల గొడవ, ఇంటికి సున్నాలు, చిన్నోడికి జ్వరం, అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఇప్పుడందరూ బాగానే ఉన్నారు. బదిలీ తప్పింది. అమ్మ మోకాళ్ళు ఎప్పట్లాగే. నాన్న షుగరు అదుపులోనే ఉంది, నోరే లేదు. విశేషాలు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. నీ మీద కేసు ఉందిరా. గొడుగు కేసు కాదు, దాన్ని ఎప్పుడో కొట్టేశాం. ఇది చీర కేసు. మా పెళ్ళికి సూరత్ నుంచి మోసుకొచ్చి, స్టేజీ మీద ఫొటోగ్రాఫర్‌ని ఆపి మరీ, "అసలు సిసలు పోచంపల్లి పట్టు, గ్యారంటీ నాది" అని ఇచ్చావే, ఆ చీర. అప్పటి నల్గొండ జిల్లా చీరని సూరత్‌లో ఎందుకు కొన్నావురా అని ఆ రోజు హాల్లో ఉన్న మూడొందల మందిలో ఒక్కడూ అడగలేదు చూడు!

మొదట్నుంచీ చెబుతా. పెద్దదానికి స్కూల్లో చేతిపనుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. గూగుల్‌లో బొమ్మలు దించి అంటిస్తానంది. నాన్నకి రోషం వచ్చింది. "పక్కనే పోచంపల్లి పెట్టుకుని కంప్యూటర్లో చూడ్డం ఏమిటే" అని, ఆదివారం పొద్దున్నే అందర్నీ లేపి కారెక్కించాడు. వనస్థలిపురం నుంచి ఎంతో లేదు, విజయవాడ హైవే మీద ఫిల్మ్ సిటీ దాటాక ఎడమవైపు మళ్ళితే చాలు. అయినా ఇన్నేళ్ళలో ఎప్పుడూ పోలేదు. ఊటీ పోయాం, ఇక్కడికి పోలేదు. మీ చెల్లెమ్మ నువ్విచ్చిన చీరే కట్టుకుని దిగింది. సందర్భానికి తగ్గట్టు ఎంత బాగా కట్టుకుందో అని నేను మురిసిపోయాను. ఆ ముక్క గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ముందు వినోబా మందిరం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వస్తే, ఇక్కడి 40 దళిత కుటుంబాల వాళ్ళు 80 ఎకరాలు ఉంటే మా బతుకులు నిలబడతాయని చెప్పుకున్నారు. మీ ఊళ్ళో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన సభలో అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది, ఊరి పేరు ముందు భూదాన్ చేరింది. ఇదంతా నాన్న ఉపన్యాసమే, నాకెక్కడ తెలుసు. "అడిగింది ఎనభై, శాంక్షనైంది వంద! నా సర్వీసులో ఒక్క ఫైలూ ఇలా నడవలేదు" అని అక్కడే నిలబడి తల ఊపుతూ ఉండిపోయాడు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆడిట్ సెక్షను ఆయన్ని వదల్లేదు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిందని కూడా చెప్పాడు. చిన్నోడు వెంటనే "మరి ఐస్‌క్రీం షాపేది?" అన్నాడు. చెరువు దగ్గర చెట్టు కింద అమ్మ చేసిన పులిహోర తిన్నాం. నూట ఒక్క దర్వాజల ఇల్లని ఒకటుందట, తలుపులు లెక్కపెడదామని పిల్లలు సరదాపడ్డారు. అటు పోనేలేదు. ఎందుకో చదువు.

ఊళ్ళో ఏ సందులోకి పోయినా మగ్గం చప్పుడు. ఒక కొట్టతన్ని అడిగితే కుర్రాణ్ణి తోడిచ్చి ఒక నేతగాళ్ళింటికి పంపాడు. గడప దాటగానే గుంట మగ్గం. ఇంటాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. పక్కనే వాళ్ళమ్మ కింద కూచుని, చట్రానికి బిగించిన పట్టుపోగుల్ని నల్లటి రబ్బరు పట్టీలతో చుట్టి చుట్టి కడుతోంది. సైకిల్ ట్యూబు ముక్కలేరా! చిటికి కట్టడం అంటారు. పేక పోగుల్ని, అంటే అడ్డంగా నేసే దారాల్ని, ముందు ఆసు పోసి, అంటే మేకులకి వరసగా చుట్టి, పెన్నుతో బొమ్మ గీసుకుని, రంగు అంటకూడని చోటల్లా ఇలా కట్టేసి, రంగులో ముంచుతారు. ఆరాక విప్పి ఇంకో చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అంటే మగ్గం ఎక్కకముందే ఏనుగులూ చిలకలూ దారంలో నిద్రపోతుంటాయన్నమాట. నేసేటప్పుడు వాటిని చెదరకుండా లేపాలి.

మూలన ఆసు యంత్రం ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తయారుచేసింది. వాళ్ళమ్మ లక్ష్మి ఆసు పోసి పోసి భుజాలు పడిపోతుంటే చూడలేక చేశాడు, అందుకే దాని పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. చేత్తో అయితే ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలట. నాలుగైదు గంటల పని. యంత్రం మీద గంటన్నర. గోడకి పాత చేతి ఆసు ఇంకా వేలాడుతోంది, ముసలమ్మ దాన్ని దింపించి మా పెద్దదాని చేత ఆడించింది. కాసేపటికే "నానమ్మా, చెయ్యి పోయింది" అని కూలబడింది అది. ముసలమ్మ తన కుడి భుజం తడిమి చూపించి నవ్విందిరా. ఏమీ అనలేదు. ఆ నవ్వు చూశాక నాకు... సరేలే, అది ఎదురుగా కూచున్నప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు నీ వంతు. కుర్చీ గట్టిగా పట్టుకో.

ముసలమ్మ మీ చెల్లెమ్మ కొంగు పట్టుకుని చూసింది. "ఏడ కొన్నవ్ బిడ్డా?" అంది. "మా అన్నయ్య పెట్టాడమ్మా" అందిది. "మంచిగున్నది" అని కొంగు వదిలేసింది పాపం. అక్కడితో అయిపోయేది. నాన్న ఊరుకుంటేగా! "మీ ఊరిదే అమ్మా, అసలు పోచంపల్లి పట్టు" అన్నాడు గర్వంగా. నీకు తెలుసుగా, పన్నెండేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ ఆ చీర చూపించి నీ ఎంపికని మెచ్చుకున్న మనిషి. ముసలమ్మ కొడుకు వంక చూసింది. కొడుకు మగ్గం వంక చూశాడు. ఆవిడే మెల్లగా కొంగు వెనక్కి తిప్పి, "ఇది అద్దకం సారూ. ముందటేమో ఎర్రగున్నది, ఎనుకేమో తెల్లగున్నది. మా దాంట్ల ముందటేది ఎనుకేది, రెండూ ఒక్కతీరే ఉంటయ్" అంది. కొడుకు ఊరడించబోయి, "గిసొంటియి సూరత్ దిక్కుకెళ్ళి మస్తుగొస్తయ్ సార్, నాలుగొందలకే దొరుకుతయ్" అన్నాడు.

నాలుగొందలు! రమణా! ఆ రోజు నా దగ్గర రెండు వేలు బదులు తీసుకున్నావు కదరా, పెళ్ళికొడుకు దగ్గర!

నిశ్శబ్దం. ఇంతలో పెద్దది నోట్‌బుక్ తెరిచి, రాసుకుంటూ పైకే చదివింది. "మా అమ్మ చీర నకిలీది. ఇచ్చినవారు రమణ మామయ్య." ఆ పేజీ చింపమన్నా చింపడం లేదు. టీచరుకి ఇచ్చేసింది కూడా.

నాన్నని చూడాల్సింది. ముప్పై ఏళ్ళు ఎదుటివాడి బిల్లుల్లో తప్పులు పట్టిన మనిషి, ఇంట్లో తిరిగే నకిలీని పట్టుకోలేకపోయాడు. అవమానం భరించలేక జేబులోంచి పేపరు చదివే భూతద్దం తీశాడు. ఇంక ఆ ఇంట్లో ఆడిట్ మొదలైంది. మగ్గం పక్కన గొంతుక్కూచున్నాడు. ఇంటాయన పేక దారం ఉండే నాడె విసిరిన ప్రతిసారీ, పేక మీద రంగు పడాల్సిన చోట పడిందో లేదో చూసి, అంచు దగ్గర వేలితో రవ్వంత లాగి సరిచేసుకుని, అప్పుడు పలక కొడుతున్నాడు. ఒక్కో పోగుకీ అంతే. "ఒక పోగు జరిగితే?" అని నాన్న. "ఒకటైతే కానరాదు సార్. నాలుగు జరిగితే ఏనుగు కుంటుతది."

ఆ మాట నాన్నకి తెగ నచ్చేసింది. నేసి మడతపెట్టిన చీరలన్నీ తీయించి, కుంటే ఏనుగు కోసం వెతకడం మొదలెట్టాడు. పిల్లలు దర్వాజలు దర్వాజలు అని గోల. చిన్నోడు బయట మేకపిల్ల వెంట పడ్డాడు. గంట గడిచింది. దొరికింది! నెమలికంఠం రంగు చీర, కొంగులో ఏనుగుల బారు, అంచు నుంచి ఏడో ఏనుగుకి వెనకకాలి పక్కన రంగు చెదిరి ఇంకో సన్నటి కాలు. మొత్తం ఐదు కాళ్ళు. "అబ్జెక్షన్!" అన్నాడు నాన్న. నిజంగా అన్నాడు, ఒట్టు.

ఇంటాయన సిగ్గుపడ్డాడు. ముసలమ్మే చెప్పింది. ఆ చీర సగంలో ఉండగా వానలు పట్టుకుని మగ్గం గుంటలో నీళ్ళు ఊరాయట. చెమ్మకి పట్టు సరిగా సాగదు, పోగు మాట వినదు. పని ఆపేశారు. వాన తెరిపిచ్చాక మళ్ళీ కూచున్న మొదటి పూట నేసిన ఏనుగు అది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే కారణం రికార్డులో ఉందన్నమాట" అన్నాడు. "ఇదే ఇవ్వండి."

"వద్దు సార్, మంచిది ఇస్తా" అంటాడు అతను. ఇదే కావాలంటాడు ఈయన. చివరికి అతను ఐదొందలు తగ్గించాడు. నాన్న వద్దనలేదు, ఠక్కున తీసుకున్నాడు. మొత్తం కొంప ముంచింది ఆ ఐదొందలేరా.

ఎందుకంటే చీర అమ్మకి. అమ్మ చీరాల మనిషి. అప్పటిదాకా ఆవిడ, "ఈ పని మీకు మా చీరాల నుంచే వచ్చింది, మా తాతల కాలంలో ఇలాగే కట్టి రంగేసి నేసిన మా తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకి పోయేవి" అని ముసలమ్మతో గొప్పలు పోతోంది. ముసలమ్మ కూడా "అవునమ్మా, మా పెద్దోళ్ళు గట్లనే చెప్తుండె" అని ఒప్పుకుంది, ఇద్దరూ ఒకటైపోయారు. అలాంటిది, కారెక్కాక చీర విప్పి చూసుకుని, "ఐదొందల కోసం ఐదుకాళ్ళ ఏనుగుని నా నెత్తిన పెడతావా!" అని అందుకుంది. నాన్న సిద్ధాంతం ఏమిటంటే, తప్పు లేకపోతే అది అద్దకం, తప్పు ఉందంటే మనిషి చేత్తో చేసినట్టు, అంటే ఈ చీరకి సర్టిఫికెట్టు ఆ ఏనుగే. అమ్మ సిద్ధాంతం ఏమిటంటే, నాన్న పిసినారి. నేను ఇద్దరికీ మధ్య గేరు మారుస్తూ కూచున్నాను. నిజం చెప్పాలంటే నాకూ తేలలేదు. మంచి చీరకి బేరమాడడానికి మొహం చెల్లక ఇది తీసుకున్నాడా, ఏనుగు మీద మోజుపడే తీసుకున్నాడా? ఆ ఐదొందల్లోంచి తీసి పిల్లలకి మిర్చిబజ్జీలు కొనిపెట్టాడు మరి. మిగతాది జేబులోనే పెట్టుకున్నాడు, అది వేరే సంగతి.

ఆగు, అసలు బాంబు ఇంకా ఉంది. గొడవ కాస్త సద్దుమణిగాక నేను మీ చెల్లెమ్మని ఓదార్చబోయాను. "రమణగాడు మోసపోయుంటాడే, వాడికేం తెలుసు చీరల సంగతి" అన్నాను. అది కిటికీలోంచి చూస్తూ చల్లగా, "పెళ్ళైన వారానికే తెలుసు, మొదటిసారి ఉతికినప్పుడు. అన్నయ్య ప్రేమగా ఇచ్చాడు కదా అని ఊరుకున్నా" అంది. మరి ఇవాళ ఎందుకు కట్టుకున్నావే, అదీ పోచంపల్లికి, అన్నాను. "కార్లో ఎంత నలిగినా ఇస్త్రీ చెడని చీర నా దగ్గర అదొక్కటేనండీ" అంది. వెనక సీట్లోంచి అమ్మ, "నాకు ఆ రోజు స్టేజీ మీదే తెలుసు. చీరాల దాన్ని, నాకు తెలీదా" అంది.

అంటే ఏమైందో చూడు. పన్నెండేళ్ళుగా ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది నాకూ నాన్నకీ. నీకు తెలుసా తెలీదా అన్నదే ఇప్పుడు మా ఇంట్లో కేసు. నాన్న నీ తరఫు. "వాడు అమాయకుడు, గ్యారంటీ" అంటున్నాడు. గ్యారంటీ అన్న మాట వినగానే అమ్మకి నవ్వాగడం లేదు. మీ చెల్లెమ్మ ఏమీ అనదు, కానీ నిన్న ఫోన్లో నీ పేరు రాగానే ఎందుకు నవ్విందో అర్థమైందా?

కాబట్టి నిజం చెప్పు. దాచకు. ఆ బిల్లుంటే ఫొటో తీసి పంపు, నాన్న చూడాలంటున్నాడు. ఇంకా, మీ గుజరాత్‌లోని పటాన్ మీకు దగ్గరే అయితే అక్కడి పటోళా పట్టుచీరలు నేసేవాళ్ళని కూడా ఒకసారి చూసి రా, అందులో నిలువు పోగులైన పడుగూ, పేకా రెండూ ముందే కట్టి రంగేస్తారట. పోచంపల్లిలోనూ అలాంటివి నేస్తారట గానీ ధర విని మేం కదల్లేదు. కొనొద్దు! చూసి రా అంతే. నువ్వు కొనకు.

అమ్మ ఆ ఏనుగు చీర ఇంకా కట్టలేదు. బీరువాలో పైన పెట్టింది. అయితే మొన్న పక్కింటావిడ వస్తే దించి చూపించింది, ఏడో ఏనుగు దగ్గర వేలు పెట్టి మరీ వాన కథంతా చెప్పింది, నాన్న వినకుండా తలుపు దగ్గరగా వేసి. నాన్న హాల్లో

ఒరేయ్, చిన్నోడు బంతి పక్కవాళ్ళ అద్దానికి కొట్టాడు, ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఉంటా. బిల్లు మర్చిపోకు.

నీ,
శీను