మీటింగ్ ఎక్కడ జరుగుతుందో పేపర్లో వేయండి

సంపాదకుడు గారికి,

తాగి బండి నడిపి గుద్దేశారనో, తాగిన మత్తులో ఇంట్లోవాళ్లను కొట్టారనో మన పేపర్లో వార్త లేని రోజు ఉండదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఇన్నేళ్లలో నేనెప్పుడూ చదవలేదు. ఆ నాలుగు లైన్లు వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

మా తమ్ముడు పన్నెండేళ్లు తాగాడు. తిట్టాం, బతిమాలాం, ఒట్లు వేయించుకున్నాం. ఒక ఆదివారం పొద్దున్నే వాడంతట వాడే వచ్చి, "అక్కా, ఇక నావల్ల కావట్లేదు, ఎక్కడికైనా తీసుకెళ్లు" అన్నాడు. ఫోన్లో వెతికితే, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం మీటింగ్ అడ్రస్ ఒకటి దొరికింది. సాయంత్రం ఆరింటికని ఉంది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతులు వణుకుతుంటే గుండీలు నేనే పెట్టాను. రెండు బస్సులు మారి వెళ్లేసరికి తలుపుకి తాళం. తాళం మీద దుమ్ము. గోడ మీద ఒకప్పుడు కాగితం అంటించిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. అడ్రస్‌తో పాటు ఉన్న నంబర్‌కి చేస్తే ఎవరూ ఎత్తలేదు. పక్కింటాయన, "వాళ్లు ఇక్కడ పెట్టడం మానేసి చాలా రోజులైందమ్మా" అన్నారు.

"చూశావా, అలాంటివేం లేవు" అన్నాడు మా వాడు. ఆ రాత్రి మళ్లీ తాగాడు. ఇంకోసారి నోరు తెరిచి అడగడానికి ఎనిమిది నెలలు పట్టింది.

తాగేవాళ్లున్న ఇంట్లో అందరికీ ఇది తెలుసు. మానతానన్న మాట ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చాక కొన్ని గంటలే నిలుస్తుంది. ఆ గంటల్లో చేతికి సరైన అడ్రస్ దొరకాలి.

రెండోసారి నేనే ముందు వెళ్లి చూసొచ్చాను. ఓపెన్ మీటింగ్ అయితే తాగుడు సమస్య లేనివాళ్లు కూడా వెళ్లి కూర్చోవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ మానాలనుకునేవాళ్లకు మాత్రమే. ఈ తేడా కూడా నాకు అప్పుడే తెలిసింది. నా పేరు ఎవరూ అడగలేదు. రిజిస్టర్ లేదు, ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిరిగింది, వేయగలిగినవాళ్లు వేశారు. మానాలన్న కోరిక ఉంటే చాలు, చేరడానికి ఇంకే అర్హతా అక్కర్లేదన్నారు. నా పక్కనున్న పెద్దాయన తను మొదటిసారి వచ్చిన రోజు గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయానని చెబుతుంటే, మా తమ్ముడు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

అడ్రస్ ఎందుకు తప్పిందని అడిగాను. ఈ గ్రూపులను నడిపేది సభ్యులే. గది అడిగి తీసుకున్నది. ఇచ్చినవాళ్లు కావాలంటే ఖాళీ చేసి ఇంకోచోటికి వెళ్లాల్సిందే. పైగా ప్రచారం చేసుకోకపోవడం, పేపర్లో సభ్యుల పేర్లూ ఫొటోలూ రాకపోవడం వాళ్ల నియమం. వాళ్లు చాటుకోరు కాబట్టే ఆ పని మీరు చేయాలని అడుగుతున్నాను. చోటు, రోజు, టైము వేస్తే ఎవరి గుట్టూ బయటపడదు.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి మొదలుపెట్టారు ఈ ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను. ఇద్దరూ తాగుడుకు బానిసలైనవాళ్లే. ఒకే బాధ పడ్డవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే ఇందులో అసలు సంగతి. నమ్మకం లేనివాళ్ల కోసం ఒక మాట. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా వివరాలను కలిపి పరిశీలించింది. చికిత్స చేసేవాళ్లు ఒక పద్ధతి ప్రకారం రోగిని ఈ మీటింగులకు అలవాటు చేస్తే, పూర్తిగా మానేసి ఉండేవాళ్లు మిగతా చికిత్సలకన్నా ఎక్కువగా కనిపించారు. డాక్టర్లు కూడా "మందు మానెయ్యండి" అని ఊరుకోకుండా, మీటింగ్ వివరాలు రాసిచ్చి పంపాలి. ఈ మీటింగుల్లో వచ్చే దేవుడి ప్రస్తావన నచ్చనివాళ్లకు వేరే రకం గ్రూపులు ఉన్నాయి, వాటినీ వేయండి. ఇంట్లోవాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ ఉంది. దాని పేరు ముందే తెలిసుంటే మా అమ్మ అన్నేళ్లు ఒంటరిగా కుమిలిపోయేది కాదు.

ఒక హెచ్చరిక తప్పకుండా కలపండి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా వాడి వణుకు చూసి కూడా ఆ రోజు నాకీ సంగతి తోచలేదు.

వారానికొకసారి, ఎప్పుడూ ఒకే పేజీలో, ఒకే చోట వేయండి. ఓపెనో క్లోజ్డో, ఏ భాషలో జరుగుతుందో రాయండి. నెలకోసారి ఫోన్ చేసి, మీటింగ్ ఇంకా అక్కడే జరుగుతోందో లేదో కనుక్కోండి. కనుక్కోలేని వారం ఆ అడ్రస్ తీసేయండి. దుమ్ము పట్టిన తాళం ముందుకు ఇంకొకరిని పంపకండి.

– ఒక పాఠకురాలు
(తమ్ముడి కోసం నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)