నొప్పి గురించి అడ్మిట్ అయిన రోజే అడగండి

సంపాదకులకు నమస్కారం.

జబ్బుతో వచ్చే నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే పాలియేటివ్ కేర్ అంటే ఇంకా చాలామందికి క్యాన్సర్ ఆఖరి రోజులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో చూస్తే, ఈ సేవ అవసరమైన పెద్దవాళ్లలో క్యాన్సర్ రోగులు 34 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులవాళ్లు 38.5 శాతం. ఏటా దాదాపు 5.68 కోట్ల మందికి అవసరమైతే అందుతున్నది 14 శాతం మందికే.

వార్డులో గుండె బలహీనపడ్డ మనిషిని చూడండి. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంటాడు, పక్కన ఇంటివాళ్లకీ నిద్ర ఉండదు, తెల్లారాక కేస్ షీట్‌లో బీపీ, పల్స్, మూత్రం ఎంత వచ్చిందో అన్నీ ఎక్కుతాయి, ఆ రాత్రి ఎలా గడిచిందో మాత్రం ఎక్కదు. కిడ్నీ రోగులు రక్తం వచ్చేలా గోక్కుంటుంటే ఈ జబ్బుకి దురద మామూలే అనేస్తారు. మామూలే కావచ్చు, కానీ దాన్ని తగ్గించే మందులు ఉన్నాయి కదా! ఆయాసపడే మనిషి మొహానికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టినా ఎంతో కొంత హాయిగా ఉంటుంది, అది చెప్పేవాళ్లు కూడా ఉండరు.

నొప్పి తగ్గించే బలమైన మందు మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందని భయం. తీవ్రమైన నొప్పికి డాక్టర్ చూసుకుంటూ సరైన మోతాదులో ఇస్తే ఆ ప్రమాదం తక్కువే. కిడ్నీలు పాడైనవాళ్లకి జాగ్రత్తగా మోతాదు చూడాలి, మలబద్ధకం రాకుండా మొదటి నుంచే మందు రాయాలి. ఇవి తెలిసిన డాక్టర్, నర్సు వార్డుకి రావాలన్నదే నా కోరిక.

ఇంకో అపోహ, పాలియేటివ్ టీమ్‌ని పిలిస్తే చికిత్స ఆపేసినట్టేనని. కాదు. గుండె మందులు, డయాలసిస్ నడుస్తుండగానే ఇదీ నడవాలి. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లకి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఈ సేవ అందిస్తే దిగులు తగ్గింది, ఎక్కువ కాలం బతికారు కూడా. ఆరోగ్య వ్యవస్థలో దీన్ని కలపాలని 2014లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది.

అందుకే అడ్మిట్ అయిన రోజునుంచే ప్రతి షిఫ్టులో నర్సు నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర గురించి అడిగి రాయాలి. పేషెంట్‌కి ఏం కావాలో వరండాలో నిలబెట్టి ఇంటివాళ్లని కాదు, కూర్చుని ఆ మనిషినే అడగాలి. డిశ్చార్జ్ చేసేటప్పుడు, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసివ్వాలి.

మీ ఆరోగ్యం పేజీలో ఈ విషయం మీద డాక్టర్ల చేత, నర్సుల చేత రాయించమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు