నీ ల్యాప్‌టాప్‌లో ఏవి ఉండాలంటే

బెంగళూరు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాత ల్యాప్‌టాప్ అమ్మేసి కొత్తది కొనాలా, అందులో ఏయే సాఫ్ట్‌వేర్లు వేసుకోవాలి, ఒక జాబితా రాసి పంపు అన్నావు. ఉత్త పేర్లు రాసి పంపితే రెండేళ్ళలో వాటికి కాలం చెల్లిపోతుంది. అందుకని, నేను ఎలా ఎంచుకుంటానో చెబుతాను. కాస్త పొడుగు ఉత్తరమే, తీరిగ్గా చదువు.

ముందుగా ల్యాప్‌టాప్ సంగతి. దాన్ని అమ్మవద్దు. విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసిన మాట నిజమే. నీ పాత ప్రాసెసర్ మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదన్నదీ నిజమే. అయినా యంత్రం బాగానే ఉంది కదా! ఇక్కడ సాదర్ పత్రప్ప రోడ్డని ఒకటుంది, అందరూ ఎస్పీ రోడ్డు అంటారు. సన్నటి వీధి, అటూ ఇటూ కంప్యూటర్ విడిభాగాల దుకాణాలే. నీ యంత్రంలో ఉన్న పాత హార్డ్ డిస్క్ తీయించి దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టించి, ర్యామ్ 8 జీబీకి పెంచి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకుంటే రాతకు, చదువుకు, లెక్కలకు నిక్షేపంగా సరిపోతుంది. వచ్చే నెల ఎలాగూ వస్తున్నావు కదా, వెంట తెచ్చుకో, ఇద్దరం కలిసి వెళదాం. తెచ్చే ముందు అందులోని ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకో.

ఇక సాఫ్ట్‌వేర్లు. మా ఆఫీసులో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఒకరు కొత్త యాప్ కబురు తెస్తారు. పనుల జాబితా రాసుకునేది ఒకటి, నోట్సు దాచేది ఒకటి, పొద్దున లేవగానే ఏం చేయాలో చెప్పేది ఇంకొకటి. అది ఏమేం చేస్తుందో చెబుతుంటే విని, నేను ఒకటే అడుగుతాను: రేపు దీన్ని వదిలేయాలనుకుంటే మన రాతలు, లెక్కలు, ఫొటోలు ఏ రూపంలో బయటికి వస్తాయి? పద్మవ్యూహంలోకి వెళ్ళడం అభిమన్యుడికి తెలుసు, తెలియనిది బయటికి రావడమే. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు లేని యాప్‌ను, ఎంత అందంగా ఉన్నా, నేను నమ్మను.

ఎందుకంటావా? వండర్‌లిస్ట్ అని పనుల జాబితాలు రాసుకునే యాప్ ఉండేది. మంచి పేరున్నది. 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2020 మేలో మూసేసింది. జాబితాలను ముందుగానే తరలించుకున్నవాళ్ళకు ఇబ్బంది లేకపోయింది. మనకు నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చదివించే గూగుల్ రీడర్‌ను 2013 జులై 1న ఆపేశారు. తాము చదివే సైట్ల చిట్టాను ఓపీఎంఎల్ అనే రూపంలో ఫైలుగా దించుకున్నవాళ్ళు దాన్ని ఇంకోచోట ఎక్కించుకుని మర్నాటి నుంచి యథాప్రకారం చదువుకున్నారు. ఇప్పుడు ఫొటోలు చూసుకునే పికాసా సంగతి చూడు. దాన్నీ గూగుల్ 2016లో ఆపేసింది. కానీ పికాసా మన ఫొటోలను తన కడుపులో దాచుకునేది కాదు, మన ఫోల్డర్లలో ఎక్కడున్నవాటిని అక్కడే ఉంచి చూపించేది. అందుకే పికాసా పోయినా ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడూ పెద్ద కంపెనీల చేతిలో ఉన్నవే, కాబట్టి కంపెనీ పేరు చూసి భరోసా పెట్టుకోకు. ఫైలు ఎక్కడుంది, ఏ రూపంలో ఉందన్నది చూడు.

నీ విషయంలో ఇది మరీ ముఖ్యం. నువ్వు మీ ఊరి చరిత్ర రాస్తున్నావు. డీటీపీ సెంటర్‌లో టైపు చేయించిన మొదటి అధ్యాయాలు, అచ్చుకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్ళలో, అను ఫాంట్లలో ఉన్నాయన్నావు. నాకు బెంగ పట్టుకున్నది అక్కడే. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత చిన్న సవరణలే తప్ప ఇంకోటి రాలేదు. అను ఫాంట్లలో దాచిన అక్షరం కంప్యూటర్ లెక్కలో తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందులో మీ ఊరి చెరువు పేరు వెతికితే దొరకదు.

అన్ని భాషల అక్షరాలకూ దేని సంఖ్య దానికే కేటాయించిన యూనికోడ్ పద్ధతి వేరు. మనం పలికే వరుసలోనే అక్షరాలు దాచుకుంటుంది. ‘కృష్ణ’ అని రాస్తే లోపల ఉండేవి అయిదు: క, ఋత్వం, ష, పొల్లు, ణ. వాటిని కలిపి అందంగా చూపించే బాధ్యత ఫాంటుది. రేపు పోతన ఫాంటు తీసేసి మండలి ఫాంటు పెట్టినా రాత చెక్కు చెదరదు. ఫోనులోనూ కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది, అకారాది క్రమంలో పేర్చవచ్చు. చివర్లో నీ పుస్తకానికి ఊళ్ళ పేర్ల సూచిక చేయాలంటే ఇది లేకుండా కుదరదు. కాబట్టి ఇకమీదట రాసే ప్రతి వాక్యం యూనికోడ్‌లోనే రాయి. డీటీపీ సెంటర్ వాళ్ళు ఎన్ని చెప్పినా వినకు, అచ్చుకు వెళ్ళే ముందు వాళ్ళ పద్ధతిలోకి మార్చుకోవడం వాళ్ళ పని.

టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకో. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ముందే ఉంటుంది, విడిగా ఏదీ తెచ్చుకోనక్కరలేదు. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు. మొదటి వారం చేతులు మొరాయిస్తాయి, తర్వాత దారికి వస్తాయి. మా పక్కింటావిడ కన్నడంలో ‘క’ కొట్టే మీటా, నేను తెలుగులో ‘క’ కొట్టే మీటా ఒకటే. మన భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని తలపెట్టిన మనుషులంటే నాకు ఎంతో గౌరవం. అంత ఓపిక లేకపోతే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని ఉంది, అదీ మంచిదే. ఎలా కొట్టినా బయటికి వచ్చేది యూనికోడే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

రాయడానికి లిబ్రేఆఫీస్ చాలు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి వచ్చింది, డబ్బు కట్టనక్కరలేదు. అది దాచే ఓడీటీ రూపం 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం, దాని వివరాలు ఎవరైనా చదువుకోవచ్చు. మీ స్కూలు వాళ్ళు వర్డ్ ఫైళ్ళు పంపితే అవీ తెరుచుకుంటాయి, కాకపోతే పట్టికలు ఒక్కోసారి అటూ ఇటూ జరుగుతాయి. కౌలు లెక్కలకు అందులోనే స్ప్రెడ్‌షీట్ ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పే కబుర్లు అప్పటికప్పుడు రాసుకోవడానికి మాత్రం ఉత్త టెక్స్ట్ ఫైళ్ళు వాడు. ఏ యంత్రమైనా తెరుస్తుంది. వాటిని ఒకదానికొకటి ముడివేసుకోవాలనిపిస్తే అబ్సిడియన్ చూడు, అది మామూలు ఫోల్డర్‌లోని టెక్స్ట్ ఫైళ్ళ మీదే పనిచేస్తుంది. వీడియోలకు వీఎల్‌సీ. దాని గురించి చెప్పడానికేమీ లేదు, అన్నీ ఆడుతుంది.

పాస్‌వర్డ్‌ల విషయంలో నీ మీద కోపంగా ఉంది. బ్యాంకుకూ మెయిలుకూ ఒకే పాస్‌వర్డా? కీపాస్‌ఎక్స్‌సీ వేసుకో. అన్నీ తాళం వేసిన ఒకే ఫైలులో ఉంటాయి, ఆ ఫైలు నీ దగ్గరే ఉంటుంది. దాన్ని తెరిచే అసలు పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచిపెట్టే నాథుడు ఉండడు, కాబట్టి దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు, వదినకు చెప్పు.

ఇంకొకటి. ఫోనుకూ కంప్యూటర్‌కూ ఫైళ్ళు కలిపి ఉంచడానికి సింక్‌థింగ్ బాగుంటుంది, మధ్యలో ఎవరి సర్వర్‌లోనూ దాచదు. కానీ అలా కలిపి ఉంచడాన్ని బ్యాకప్ అనుకోకు. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. విడిగా ఒక డిస్కు ఉండాలి, ఎక్కించుకున్నాక దాన్ని ఊడదీసి పక్కన పెట్టాలి. మరో ప్రతి ఇంకో ఇంట్లో ఉండాలి. నీ పుస్తకం ప్రతి మా ఇంట్లో ఉంచుతాను.

ఆ పేజ్‌మేకర్ ఫైళ్ళను ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు. ఫాంటు ఫైళ్ళు కూడా కలిపి పంపు, ఏ వెర్షన్ అనులో టైపు చేశారో డీటీపీ అతన్ని అడిగి రాయి. వెర్షన్ తేడా వస్తే మార్పిడిలో ఒత్తులన్నీ తారుమారవుతాయి. మార్చిన ప్రతిని నీకు పంపిస్తాను, చేతిరాత ప్రతి పక్కన పెట్టుకుని నువ్వే దిద్దాలి. ఆ ఊరి పేర్లు నాకు తెలియవు కదా.

నీ
మిత్రుడు