నవ్వినవాళ్ళని ఎవరూ అడగలేదురా

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? స్టాండప్ కామెడీ మీద పీహెచ్‌డీ ఏంట్రా, అందులో చదవడానికేముంది అని మొన్న ఫోన్లో అడిగావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ప్రస్తుతం లిటరేచర్ రివ్యూలో తలమునకలుగా ఉన్నాను. జాతి వివక్షకీ స్టాండప్‌కీ ఉన్న సంబంధం గురించి పరిశోధకులు ఇంతవరకూ ఏం తేల్చారో, ఏం వదిలేశారో రాయాలి. చదివినకొద్దీ ఒకటే అనిపిస్తోంది. అందరూ మైకు పట్టుకున్నవాడి గురించే రాశారు, ఎదురుగా కూర్చుని నవ్వినవాళ్ళని పలకరించినవాళ్ళు చాలా తక్కువ.

అలాగని ఇవేవీ తీసిపారేసే రాతలు కావు. మెల్ వాట్‌కిన్స్ 1994లో రాసిన అమెరికా నల్లజాతి హాస్య చరిత్ర పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. బానిసత్వం రోజుల్లో యజమాని ఎదుట ఒక నవ్వు, తమవాళ్ళ మధ్య ఇంకో నవ్వు. ఆ రెండోది తెల్లవాళ్ళ చెవిన పడటానికి చాలా కాలం పట్టింది. మామ్స్ మేబ్లీ అంతటి నల్లజాతి హాస్యనటి దశాబ్దాలపాటు నల్లవాళ్ళ థియేటర్లలోనే నవ్వించింది. ఇక 1961 జనవరిలో డిక్ గ్రెగరీ అనే నల్లజాతి కమెడియన్ షో చేయడానికి షికాగో ప్లేబాయ్ క్లబ్‌కి వెళ్ళేసరికి హాలంతా దక్షిణాది నుంచి వచ్చిన తెల్ల వ్యాపారులు! ఏం గొడవవుతుందోనని క్లబ్బువాళ్ళే జంకారు. ఆయన వినలేదు. వాళ్ళ వివక్ష మీదే, వాళ్ళ ముఖాన్నే జోకులేసి నవ్వించాడు. ఆ రాత్రితో ఆయన దశ తిరిగింది.

జాతి జోకులు హాని చేస్తాయా లేదా అన్నది పాత తగువు. జోకు సమాజంలోని వేడిని చూపించే థర్మామీటరే తప్ప వేడి పుట్టించేది కాదంటాడు హాస్యం మీద పరిశోధించిన సోషియాలజిస్టు క్రిస్టీ డేవిస్. సైమన్ వీవర్, మైకేల్ బిల్లిగ్ లాంటి పరిశోధకులు ఒప్పుకోరు. నేను రెండో పక్షం. ఎందుకో చెబుతాను.

రౌల్ పెరెజ్ అని ఒక సోషియాలజిస్టు. లాస్ ఏంజెలెస్‌లో స్టాండప్ నేర్పే స్కూల్లో తనే విద్యార్థిగా చేరి, అక్కడ చూసినదాన్ని 2013లో వ్యాసంగా రాశాడు. తెల్ల విద్యార్థులకి అక్కడ జాగ్రత్తలు నేర్పుతారు: ముందు నీ మీద నువ్వే జోకేసుకో, అందరినీ సమానంగా తిట్టినట్టు కనపడు, నిన్ను రేసిస్ట్ అనుకోకుండా చూసుకో. మిగతావాళ్ళకి ఆ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. మీ జాతి గురించి జనం ఏమనుకుంటారో అదే మొహమాటం లేకుండా వాడేయండి అని ప్రోత్సాహం! చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. అంటే రేసిజాన్ని నవ్వుగా అమ్మడం కూడా శిక్షణ ఇచ్చి నేర్పే విద్యే. ఇది చదివాక జోకుని ఉత్త థర్మామీటర్ అంటే ఎలా ఒప్పుకోను?

అయితే పెరెజ్ చూపించింది కూడా స్టేజీ వైపే. టీవీలో సొంత కామెడీ షో నడిపిన నల్లజాతి కమెడియన్ డేవ్ షపెల్ సంగతి తీసుకో. ఒకప్పుడు తెల్ల నటులు నల్లవాళ్ళని వెక్కిరించడానికి పూసుకున్నట్టే ముఖానికి నల్లరంగు పూసుకుని ఒక స్కెచ్ చేస్తున్నాడు. సెట్‌లో ఒక తెల్లవాడు మరీ గట్టిగా, మరీ ఎక్కువసేపు నవ్వాడు. ఇతను దేన్ని చూసి నవ్వుతున్నాడన్న అనుమానం షపెల్‌ని వదల్లేదు. 2005లో 5 కోట్ల డాలర్ల కాంట్రాక్టున్న షోనే వదిలేసి వెళ్ళిపోవడానికి ఆ నవ్వూ ఒక కారణమని తర్వాత తనే చెప్పాడు. దీని మీద పరిశోధకులు పేజీలకి పేజీలు రాశారు, అంతా షపెల్ మనసులో ఏముందనే. ఆ నవ్విన మనిషికి ఏం వినపడిందో?

ప్రేక్షకుల్ని నిజంగా కూర్చోబెట్టి అడిగినవాడు బ్రిటన్‌లో సామ్ ఫ్రీడ్‌మన్. కానీ ఆయన ప్రధానంగా వెతికింది వర్గాన్ని (క్లాస్‌ని), జాతిని కాదు. నా థీసిస్‌కి చోటు దొరికింది అక్కడే. ఒకే హాల్లో, ఒకే జోకుకి నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి నవ్వితే, అది ఒకే నవ్వా? మా గైడ్ మాత్రం, నవ్వుని డేటాగా ఎలా పట్టుకుంటావు అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే, టెన్షన్‌గానూ ఉంది. షో అయిన వెంటనే చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఆ వీడియోనే మళ్ళీ వేసి, ఆపి ఆపి అడగాలనుకుంటున్నాను.

నువ్వొక పని చేసిపెట్టు. రిచర్డ్ ప్రయర్ అనే నల్లజాతి కమెడియన్ స్టాండప్ షో ఒకటి 1979లో సినిమాగా వచ్చింది, అది చూడు. మొదట్లోనే, ఇంటర్వెల్ నుంచి తిరిగొచ్చిన తెల్లవాళ్ళు తమ సీట్లలో నల్లవాళ్ళు కూర్చుని ఉండటం చూసి ఎలా తెల్లబోతారో చేసి చూపిస్తాడు. నువ్వు ఎక్కడ నవ్వావో, ఎక్కడ నవ్వబోయి ఆగిపోయావో నాకు రాసి పంపు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ మామ