చదువుకు పంపేటప్పుడు చెప్పాల్సిన మాట

సంపాదకునికి,

2023 అక్టోబర్ 7న గాజా సరిహద్దు దగ్గర్లోని అలుమిమ్ అనే కిబ్బుట్జ్‌లో (ఇజ్రాయెల్‌లో ఉమ్మడిగా వ్యవసాయం చేసుకునే ఊరు) హమాస్ దాడికి పదిమంది నేపాలీ విద్యార్థులు బలయ్యారు. వ్యవసాయం నేర్చుకుంటూ కాస్త సంపాదించుకోవచ్చని ఇజ్రాయెల్ వెళ్లిన పిల్లలు వాళ్లు. వెళ్లి నెల కూడా కాలేదు. అక్కడున్న పదిహేడు మందిలో ఒకడు, తాము దాక్కున్న షెల్టర్‌లోకి వచ్చిన గ్రెనేడ్‌ను తీసి బయటికి విసిరేసి తోటివాళ్లను కాపాడాడు. ఆ తర్వాత అతన్నే బందీగా పట్టుకుపోయారు. రెండేళ్లు ఆ తల్లిదండ్రులు ఎదురుచూశారు. 2025 అక్టోబర్‌లో తిరిగొచ్చింది కొడుకు మృతదేహమే. ఆ నిరీక్షణ తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

చంపినవాళ్లదే నేరం, అందులో రెండో మాట లేదు. కానీ సరిహద్దు పక్కన ఉంచేటప్పుడు, ఇక్కడ రాకెట్లు పడతాయని, సైరన్ మోగితే ఇలా చేయాలని పిల్లలకూ ఇంట్లోవాళ్లకూ వాళ్ల భాషలోనే ముందుగా చెప్పాలి కదా! ఏ దేశమైనా సరే, విద్యార్థులను పంపే ప్రభుత్వాలు, చేర్చుకునే సంస్థలు దీన్ని ఒప్పందంలోనే రాయాలి. బీమా, ఎంబసీలో నమోదు కూడా విమానం ఎక్కకముందే పూర్తి కావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు